జ్వరం తగ్గింది, కాబట్టి

పంతొమ్మిదేళ్ల వయసులో నేను దేవుణ్ణి మూడుసార్లు ఓడించాను. రెండుసార్లు నెల్లూరు హాస్టల్లో, ఒకసారి జువ్వలదిన్నెకు అవతల సముద్రపు ఒడ్డున. ఈ మాట ఎన్నో పెళ్లిపందిళ్లలో చెప్పాను. విన్నవాళ్లు విస్తట్లో చెయ్యి ఆపి మరీ విన్నారు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గించుకోవాలి. మూడుసార్లు కాదు, ఒక్కసారే. అదీ ఎవరు గెలిచారో, అసలు ఎదుటివాడు ఆటకు వచ్చాడో లేదో, ఈ వయసులో కూడా నాకు తేలలేదు.

మాది అల్లూరు పక్కన వరి పండించుకునే ఇల్లు. నేను వకీలునవుతానని మా నాయన నన్ను బి.ఏ.లో చేర్పించాడు. సృష్టి రహస్యం తెలుసుకోవాలన్న దాహంతో తత్త్వశాస్త్రం తీసుకున్నానని చాలామందికి చెప్పాను. ఆ తరగతి గదిలో ఫాను ఉండేది. చరిత్ర గదిలో లేదు. అంతకుమించి దాహమేమీ లేదు.

నయాపైసలు చేతికి అలవాటవుతున్న రోజులవి. మాకు తర్కం చెప్పే మాస్టారు సన్నగా, తెల్లగుడ్డల్లో, ఎప్పుడూ సుద్దముక్క పట్టుకునే ఉండేవాడు. ఆ ఏడు ఆయన మద్రాసు నుంచి సైక్లోస్టైలు కాగితాల కట్ట ఒకటి తెచ్చాడు. కొత్త తర్కం. అందులో మాటలుండవు, అక్షరాలుంటాయి. ‘వాన పడితే’ అన్నదానికి ఒక అక్షరం, ‘నేల తడుస్తుంది’ అన్నదానికి ఇంకొకటి, నడుమ ఒక బాణం. కింద గళ్లు గీసి, ఏది నిజమైతే ఏది అబద్ధమవుతుందో నింపుకుంటూ పోవాలి. మొదటిరోజే ఆయన ఒక మాట చెప్పాడట. “తర్కం మీకు నిజం చెప్పదు. ఒక మాట నుంచి ఇంకో మాటకు దారి ఉందో లేదో, అంతవరకే చెబుతుంది.” చెప్పాడట అంటున్నాను, ఎందుకంటే ఆ రోజు నేను ఫాను తిరగడం చూస్తున్నాను. ఆ ఒక్కమాట విని ఉంటే ఇదంతా రాయాల్సిన పని లేకపోయేది.

అయినా గళ్లు నింపడం నాకు ఇట్టే పట్టుబడింది. పదహారు వరసల పట్టిక కూడా చూడకుండా వేసేవాణ్ణి. సరే, ఎనిమిది. నిజం చెప్పాలంటే నాలుగు వరసలకే నా తెలివి సరిపోయేది. కానీ ఆ నాలుగు వరసలతో హాస్టల్లో నేను పెద్ద మొనగాణ్ణి. వంటవాడు “సాంబారు బాగుంటే జనం రెండోసారి అడుగుతారు, అడిగినారు, కాబట్టి బాగుండాది” అంటే, “కూర బాగాలేక కూడా సాంబారు అడగొచ్చు” అని గోడ మీద బొగ్గుతో బాణం గీసి చూపించాను. ఆ తర్వాత రెండు రోజులు నాకు అడుగు సాంబారే పడింది.

నా గదిలో ఉండేవాణ్ణి అందరం పాస్టరు అని పిలిచేవాళ్లం. వాడింకా పాస్టరు కాలేదు, కాబోతున్నాడు. వాళ్ల అమ్మ సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఒక ఊళ్లో మిషను బడి టీచరమ్మ. తండ్రి వీడు పుట్టిన ఏడాదికే పోయాడు. వీడికి మూడేళ్లప్పుడు పదకొండు రోజులు విడవకుండా జ్వరం కాసింది. కాంపౌండరు మందుపెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ పొద్దు ఆమె మోకాళ్ల మీద పడి, “ప్రభువా, ఈ జ్వరం తగ్గితే బిడ్డను నీ సేవకిస్తాను” అని మొక్కుకుంది. పన్నెండో రోజున ఒళ్లు చల్లబడింది. అప్పటినుంచి వీడు ఇచ్చిన బిడ్డ. వాళ్ల సంఘాల్లో ఇలా ఇవ్వడం ఉంది. ఇచ్చిన బిడ్డను ఊరంతా వేరుగా చూస్తుంది. వీడికి పదేళ్లప్పుడే టైలరు సేవకు పోయే పిల్లోడని పొడుగు చేతుల చొక్కా కుట్టేవాడట, ఎండాకాలంలో కూడా.

బి.ఏ. అయిన మే నెలలో ముగ్గురు సంఘ పెద్దలు వాళ్ల ఊరి గుడికొచ్చి, ఆరాధన తర్వాత అందరి ముందూ వీణ్ణి పరీక్షిస్తారు. వాళ్లకు తృప్తి కలిగితే బైబిలు స్కూలుకు ఉత్తరం రాస్తారు. కలగకపోతే పదిహేడేళ్లుగా ఆమె మోసిన మాట అక్కడే ఆగిపోతుంది. ఆ ముగ్గురిలో ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. “దేవుడున్నాడని ఎట్టా చెప్పగలవు?” అని అడిగి, సరిగ్గా చెప్పలేని ఒక కుర్రాణ్ణి వెనక్కి పంపాడని హాస్టల్లో చెప్పుకునేవాళ్లు. ఆ భయంతో పాస్టరు ఒక నోటుబుక్కు కొని, దేవుడున్నాడనడానికి నాలుగు కారణాలు రాసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం నా మంచం మీద పెట్టాడు.

“ఒరేయ్, నీకు బాణాలొచ్చు గదా. వీటిని గట్టిగా కొట్టి చూడు. ఆ హెడ్మాస్టరు కొట్టకముందే మనమే కొట్టుకుంటే మంచిది.”

“విరిగితే?”

“విరిగితే అతికిద్దాం.”

మొదటి కారణం ఇది: జరిగే ప్రతిదానికీ ఒక కారణం ఉంది, కాబట్టి అన్నిటికీ మూలమైన ఒక కారణం ఉంది. ఆ కారణమే దేవుడు.

నేను చాపమీద కూర్చుని గంభీరంగా అడిగాను. “మీ ఊళ్లో తెప్పలెన్ని?”

“ముప్పై ఉంటాయి.”

“ప్రతి తెప్పకూ ఒక యజమాని ఉన్నాడా?”

“ఉండాడు.”

“కాబట్టి ముప్పై తెప్పలకూ ఒకడే యజమాని.”

“అదెట్టరా?” అని నవ్వేశాడు. తర్వాత నోటుబుక్కు వైపు చూసి నవ్వు ఆపేశాడు. “ఓహో.”

రెండోది, బిట్రగుంట షెడ్డులో రైలింజను చూస్తే దాన్ని చేసినవాడున్నాడని తెలుస్తుంది, లోకం ఇంజను కంటే గొప్పది కాబట్టి దాన్నీ చేసినవాడున్నాడు. “ఇంజను చేసినవాణ్ణి ఎవరు చేశారు? వాళ్ల అమ్మ గదా. ఆ వరసన పోతే దేవుడికీ ఒక అమ్మ కావాల్సొస్తుంది” అన్నాను. ఇది పట్టికతో చేసింది కాదు, నోటితో చేసింది. కానీ నోటుబుక్కులో బాణం గీసి పెట్టాను, చూడ్డానికి బాగుంటుందని.

మూడోది వాడెక్కడో ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. ఏ లోపమూ లేనివాడే దేవుడు. లేకపోవడం ఒక లోపం. కాబట్టి దేవుడు ఉన్నాడు. దీన్ని విని నేను కొంచెంసేపు కంగారుపడ్డాను. నిజంగానే పడ్డాను. ఎక్కడో మోసం ఉందని తెలుస్తోంది, చేతికి దొరకడంలేదు. ఆ పూట మెస్సులో చేపల పులుసని బోర్డు మీద రాసి, వంకాయ కూర పెట్టారు. అప్పుడు దొరికింది.

“ఏ లోపమూ లేని చేపల పులుసు ఒకటి మనసులో అనుకో” అన్నాను.

“అనుకున్నా.”

“మామిడికాయ పడిందా?”

“పడింది.”

“అది నీ పళ్లెంలో లేకపోతే అదొక లోపం గదా? కాబట్టి నీ పళ్లెంలో ఉంది. తిను.”

వాడు వంకాయ ముక్క వైపు చూసి, “పాపిష్టోడా” అన్నాడు. వాడి నోట్లోంచి వచ్చిన అతి పెద్ద తిట్టు అదే.

ఇంతవరకూ ఆటే. నాలుగోది ఆట కాదు. దాన్ని వాడు నోటుబుక్కులో మిగతావాటిలా పెన్సిలుతో కాకుండా సిరాతో రాశాడు. దేవుడు ప్రార్థన వింటే జ్వరం తగ్గుతుంది. జ్వరం తగ్గింది. కాబట్టి దేవుడు విన్నాడు.

నాకు నాలుగు వరసలు చాలు ఇక్కడ. పట్టిక గీశాను. ‘వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది. కాబట్టి వాన పడింది’ అనడం లాంటిదే ఇది. బిందె ఒలికినా నేల తడుస్తుంది. “జ్వరం దానంతటదే తగ్గొచ్చు. కాంపౌండరు మందు ఆలస్యంగా పనిచేసుండొచ్చు. పన్నెండో రోజుకి తగ్గే జ్వరాలే ఉండొచ్చు. దారి లేదురా ఇక్కడ” అన్నాను.

ఈసారి వాడు అతికిద్దామని అనలేదు. అది నాకు విజయంలా అనిపించింది. పెన్ను తీసుకుని పేజీ అడుగున పెద్ద అక్షరాలతో రాశాను: ‘వాదం నిలిస్తే దేవుడున్నాడు. నాలుగు వాదాలూ నిలవలేదు. కాబట్టి దేవుడు లేడు.’ కింద రెండు గీతలు కూడా కొట్టాను.

ఆ తర్వాత వాడు మెస్సులో ప్రార్థనకు కళ్లు మూసుకోకుండా అన్నం కలుపుకోవడం చూశాను. మొదటిరోజు ఏదో పరధ్యానం అనుకున్నాను. వారమైనా అంతే. నాకు లోపల గర్వంగానూ ఉంది, ఏదో తప్పు చేసినట్టుగానూ ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నా పట్టికలో ఏ గడిలోనూ లేదు.

పరీక్షలైపోయాక వాడు నన్ను కూడా వాళ్ల ఊరికి రమ్మన్నాడు. “నువ్వుంటే ధైర్యంగా ఉంటుంది” అన్నాడు. ఏ ధైర్యమో నేను అడగలేదు. బిట్రగుంట దాకా ప్యాసింజరు, అక్కణ్ణించి బోగోలు మీదుగా ఎద్దులబండి, బకింగ్‌హాం కాలవ దగ్గర పడవ, ఆపైన ఇసకలో నడక. చేరేసరికి శనివారం పొద్దు వాలుతోంది.

టీచరమ్మ పొట్టిమనిషి. గుమ్మంలోనే కొడుకు మొహం చూసి, తర్వాత నా మొహం చూసింది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, “నీ గురించి ఉత్తరాల్లో రాస్తాడు నాయనా. శానా తెలివిగలోడివంట గదా” అంది. మామూలుగా అయితే ఆ మాటకు నేను ఇంకో రెండు కలిపేవాణ్ణి. ఎందుకో, “అంతేం లేదమ్మా” అన్నాను. నా జీవితంలో అడక్కుండా నిజం చెప్పిన మొదటిసారి అదే అయ్యుంటుంది.

ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఆ పొద్దున ఊళ్లో ఒక ముసలాయన చనిపోయాడట. సముద్రం మీద బతికే మా వైపు ఊళ్లకు సర్కారు కంటే ముందునుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఊరికి పెద్ద అయిన పెద్దకాపు ‘వేట లేదు’ అన్నాడంటే దాన్ని దురాయి అంటారు. దురాయి ఉండగా తెప్ప దించినవాడికి ఊళ్లో నిప్పు పుట్టదు. ఆ ఊళ్లో దురాయికి గుర్తుగా ఒడ్డున పాతిన వెదురుకు తెల్లగుడ్డ కడతారు. మేం పోయినప్పుడు ఆ గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది.

ఆదివారం తెల్లారాక ముఖం కడుక్కుని ఒడ్డుకు పోయాను. వెదురు ఉంది, గుడ్డ లేదు. తెప్పలన్నీ ఇసకలోనే ఉన్నాయి. పక్కింటి తాత ఒకాయన తెప్పకు ఆనుకుని వల బాగుచేసుకుంటున్నాడు. ముందురోజు టీచరమ్మ ఇంట్లో చూసిన మనిషే.

“ఏం తాతా, గుడ్డ తీసేశారు గదా, ఇంకా తెప్పలు దించలేదే?”

“తీసేసినారని నీకెవురు చెప్పినారు?”

“లేదు గదా మరి. గుడ్డ ఉంటే పోకూడదు. గుడ్డ లేదు. కాబట్టి పోవచ్చు.” కాలేజీ గొంతుతోనే చెప్పాను.

ఆయన వల మీంచి తలెత్తి నన్ను ఎగాదిగా చూశాడు. “ఏందబ్బయ్యా, కాలేజీలో ఇదేనా చెప్పేది? గుడ్డ కడితే పోవద్దన్నారు. కట్టకపోతే పొమ్మని ఎవురన్నారు?”

“అంతేగదా దానర్థం.”

“అదెట్టవుద్ది? గాలికి పోయుండొచ్చు. మేక తినుండొచ్చు. కట్టేవోడు మరిసిపోయుండొచ్చు. గుడ్డ ఉంటే ఒక మాట చెప్పుద్ది. లేకపోతే ఏ మాటా చెప్పదు. అప్పుడు మన కళ్లు పెట్టి మనం చూసుకోవాల.” గడ్డంతో సముద్రం వైపు చూపించాడు. “ఆ తెల్లనురగ కనపడతుండాదా? దురాయి లేకపోయినా ఈపొద్దు నేను పోను.”

కాసేపటికి గుడ్డ దొరికింది కూడా. నాగజెముడు పొదకు చిక్కుకుని ఉంది. ఎవరో తెచ్చి మళ్లీ కట్టారు. దురాయి ఎక్కడికీ పోలేదు.

నేను మాత్రం అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను. గుడ్డ ఉంటే పోకూడదు, గుడ్డ లేదు, కాబట్టి పోవచ్చు. వాదం నిలిస్తే దేవుడున్నాడు, వాదం నిలవలేదు, కాబట్టి దేవుడు లేడు. రెండూ ఒకే మూస. పుల్లతో ఇసకలో నాలుగు వరసలు గీసి చూసుకున్నాను. అల వచ్చి చెరిపేసింది. మళ్లీ గీశాను. ఎన్నిసార్లు గీసినా నా ఆఖరు వాక్యమే పడిపోతోంది. వాదం విరిగితే వాదమే విరిగింది. దేవుడి సంగతి ఉన్నచోటే ఉంది. మరి ఉన్నాడా? అదీ తెలియదు. నేను వాడికి చూపించిన దారి మాత్రం లేదు. ఈ తప్పును నేనే కనిపెట్టానని తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాను. కనిపెట్టింది ఆ తాత. ఆయన చెప్పకపోతే నేనిప్పటికీ తెప్ప దించుతూనే ఉండేవాణ్ణి.

ఇంటికి పరిగెత్తాను. పాస్టరు తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వాడి భుజాలు పట్టుకుని, “ఒరేయ్, నేను రాసిన ఆఖరు వాక్యం తప్పు. కొట్టెయ్” అన్నాను. వాడు కాసేపు నా మొహం చూసి, “అయితే దేవుడున్నట్టా?” అన్నాడు. “అదీ నేననలేదు” అన్నాను. ఇద్దరం నవ్వుకుని గుడికి బయల్దేరాం.

ఈ భాగం ఇలాగే నలభై ఏళ్లు చెప్పాను. నా భార్యకీ ఇలాగే చెప్పాను. ఇలా జరగలేదు. పరిగెత్తింది నిజం. గుండీలు నిజం. నోరు తెరిచింది కూడా నిజం. కానీ ఏడాదిపాటు వాడి ముందు పండితుడిలా కూర్చున్నవాణ్ణి, చేపలు పట్టే తాత ఒక్కమాటతో కూలదోశాడని వాడికి ఎలా చెప్పడం? “కాలరు వంకరగా ఉందిరా” అన్నాను. వాడు సరిచేసుకున్నాడు. అంతే. ఇద్దరం గుడికి పోయాం.

గుడి అంటే బడే. బల్లలు బయటపెట్టి చాపలు పరుస్తారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. నేను గుమ్మం దగ్గర, పోవాలంటే పోయేందుకు వీలుగా కూర్చున్నాను. ముగ్గురు పెద్దలకు మూడు కుర్చీలు వేశారు. పాటలు, ప్రార్థన, వాక్యం అయ్యాక హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. నేను లోపల నాలుగు కారణాలూ నెమరేసుకుంటున్నాను.

ఆయన అడిగింది ఇది. “నాయనా, దేవుడు నీ బతుకులో ఏం చేసినాడో నీ నోటితో చెప్పు.”

వాళ్ల సంఘాల్లో ఏళ్ల తరబడి అడిగే మాట అదేనట. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి చెప్పేదేనట. వెనక్కి పంపిన కుర్రాడి కథ హాస్టల్లో పుట్టిన కథ. ఎవరూ కారణాలు అడగలేదు. బాణాలు అడగలేదు. ఎవరూ అడగని ప్రశ్నకు మేం జవాబు తయారుచేశాం, దాన్ని మేమే విరగ్గొట్టుకున్నాం.

పాస్టరు లేచి నిలబడ్డాడు. వాడి దగ్గర జవాబు మూడేళ్లప్పటినుంచీ ఉంది. జ్వరం వచ్చింది, అమ్మ అడిగింది, ప్రభువు విన్నాడు. ఆ మూడు ముక్కలు చెబితే చాలు. ముందు వరసలో టీచరమ్మ పెదవులు వాడికంటే ముందే కదులుతున్నాయి.

“నాకు మూడేళ్లప్పుడు జరం వచ్చింది” అన్నాడు. “పదకొండు రోజులుండింది. మాయమ్మ ప్రార్థన చేసింది. పన్నెండో రోజు తగ్గింది.” ఆగాడు. “ఎందుకు తగ్గిందో నాకు తెలీదయ్యా. దేవుడు తగ్గించినాడని చెప్పాలని ఉంది. తెలుసునని మాత్రం చెప్పలేను.”

బడి బయట ఎక్కడో కోడి అరిచింది. హెడ్మాస్టరు పక్కాయన వైపు చూశాడు. పక్కాయన నేల వైపు చూశాడు. నేను గుమ్మంలోంచి లేచిపోదామనుకున్నాను, కానీ కూర్చునే ఉన్నాను.

అప్పుడు టీచరమ్మ లేచింది. ఆడవాళ్లు అలా మధ్యలో లేవడం అక్కడ అలవాటు లేదనుకుంటాను, ఎందుకంటే వెనకనుంచి ఎవరో ఆమె కొంగు లాగారు. ఆమె లెక్కచెయ్యలేదు.

“అయ్యగారూ, ఎవరు తగ్గించినారో పిల్లోడికి తెలీదంటుండాడు. తెలీకపోతే తెలీదు. జరం తగ్గితే బిడ్డనిస్తానని నేను మాటిచ్చినాను. తగ్గింది. అందుకని ఇచ్చినాను. దీంట్లో తెలీనిదేముంది?”

తగ్గితే ఇస్తాను. తగ్గింది. కాబట్టి ఇచ్చాను. ఏ వరసలో పెట్టినా నిలబడే వాదం అది. ఎవరు తగ్గించినా, ఎవరూ తగ్గించకపోయినా నిలబడుతుంది. ఆ ఏడాది మొత్తంలో నా చెవిన పడిన వాదాల్లో దారి ఉన్నది అదొక్కటే. బోర్డు మీద మాస్టారు రాసిన మొదటి ఉదాహరణ కూడా ఆ మూసలోదే. నేను దాన్ని మరీ సులువని దాటేశాను.

హెడ్మాస్టరు మెల్లగా అన్నాడు. “అమ్మా, నువ్వు ఇచ్చినావు. ఇయ్యలేదని ఎవురన్నారు? కానీ వచ్చేది వాడు గదమ్మా.”

ఆమె కొంగు సర్దుకుని అలాగే నిలబడింది.

“ఒక ఏడు ఆగుదాం. ఉత్తరం ఇప్పుడు రాయం, రాయమనీ చెప్పం. ఈ బడిలోనే పాఠాలు చెప్పుకోనీ. రావాలనిపిస్తే వాడే వస్తాడు.”

ఆమె ఏడవలేదు. కూర్చోనూ లేదు. జనం లేచాక ఒక్కొక్క చాపే చుట్టి మూలన పెట్టింది. నేను సాయం పట్టబోతే, “నువ్వు కూర్చో నాయనా” అంది. ఆ ‘నాయనా’ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు.

ఇంటికొచ్చి ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. చేపల పులుసు. మామిడికాయ పడింది. ఆమె నా కంచంలో అన్నిటికంటే పెద్ద ముక్క వేసింది.

“బాణాలు నేర్పింది నువ్వేనా?” అంది.

“నేనేనమ్మా.”

“సరే తిను. చేపేం పాపం చేసింది?”

అన్నం ముందు ప్రార్థన ఎవరు చేస్తారా అని ఒక క్షణం అందరం ఆగాం. ఆమె కొడుకువైపు చూసింది. వాడు కంచంవైపు చూశాడు. ముగ్గురిలో కళ్లు మూసుకున్నది నేనొక్కణ్ణే. ప్రార్థన చేశానని గొప్పగా చెప్పొచ్చు, చాలామందికి చెప్పాను కూడా. చెయ్యలేదు. ఆమె మొహం చూడలేక మూసుకున్నాను.

మర్నాడు వాడు నన్ను కాలవ దాకా సాగనంపాడు. పడవ అవతలి ఒడ్డున ఉంది. అప్పుడు చెప్పాను, ఆఖరు వాక్యం తప్పని, నిన్న పొద్దునే తెలిసిందని, చెప్పలేకపోయానని, తాత సంగతి, గుడ్డ సంగతి, అంతా.

వాడు విని, “నాకు తెలుసు” అన్నాడు.

“ఏం తెలుసు?”

“ఆ వాక్యం తప్పని. నువ్వు రాసినరోజే తెలుసు. తర్కంలో నాకు నీకంటే ఇరవై రెండు మార్కులు ఎక్కువ గదరా.”

అది నిజమే. వాడూ నా తరగతే. ఆ సంగతి నేను ఇంతవరకూ ఈ కథలో చెప్పలేదు.

“మరి గుళ్లో అట్టా ఎందుకు చెప్పినావు?”

“ఆఖరు వాక్యం తప్పు. దానిపైన నాలుగోది నువ్వు కొట్టింది మాత్రం తప్పు కాదు గదా.” కాలవలోకి ఒక గులకరాయి విసిరాడు. “అమ్మ మాట నిలబడింది. నిలబడింది గానీ, దాంట్లో నేనెక్కడుండానో వెతుకుతుండా.”

పడవ వచ్చింది. నేనెక్కాను. నా తప్పు వల్లే వాడి దారి ఆగిందని నిన్నటినుంచీ బాధపడుతున్నాను. ఇప్పుడు నా తప్పు వాడికి తగలనే లేదని తెలిసింది. అయితే వాడి దారి ఆపింది నేను రాసిన తప్పా, నేను రాసిన ఒప్పా? తెరచాప నీడలోనూ, ఆపైన ఎద్దులబండిలోనూ, బిట్రగుంట చేరేదాకా ఇదే ఆలోచించాను. తేలలేదు.

మరుసటేడు వాడే సంఘ పెద్దల దగ్గరికి వెళ్లాడు. తీసుకున్నారు. పాస్టరయ్యాడు, నిజంగానే. ఆ రోజు నేను లేను. వాడు లేచి నిలబడి ఏం చెప్పాడో టీచరమ్మను ఉత్తరంలో అడిగాను. ‘మా అబ్బాయి బాగా మాట్లాడినాడు, నువ్వు ఆరోగ్యం చూసుకో’ అని జవాబు రాసింది. ఏం మాట్లాడాడో రాయలేదు.

చాలా ఏళ్ల తర్వాత బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద వాడు కనిపించాడు. పొడుగు చేతుల చొక్కా, చంకలో సంచి, తల నెరిసిపోయింది. టీ తాగుతూ అడిగాను. “ఆ రెండోసారి ఏం చెప్పావురా? జ్వరం ఎవరు తగ్గించారని చెప్పావు?”

“నీకు చెప్పను.”

“ఎందుకు?”

“చెప్తే బాణాలేస్తావు.”

“వెయ్యనురా. ఒట్టు.”

“నువ్వు వేస్తావు. వేస్తే అది విరగొచ్చు. విరిగినా నాకేం కాదులే, ఇప్పుడు.” గ్లాసు కింద పెట్టాడు. “కానీ నువ్వు మళ్లీ కాలరు వంకరగా ఉందంటావు.”

కాలరు సంగతి వాడికి గుర్తుందని నాకు తెలియదు. కాలవ దగ్గర నేను ఒప్పుకోకముందే, ఆ పొద్దున నేను ఏదో చెప్పబోయి మింగేశానని కనిపెట్టాడన్నమాట. రైలొచ్చింది. వాడు కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి నాకు ఏ పట్టికా గుర్తుకు రాలేదు. హాస్టల్ వదిలేటప్పుడు వాడు నాకిచ్చేసిన ఆ నోటుబుక్కు నా దగ్గరే భద్రంగా ఉందని వాడికి చెప్పాను. చెదలు తినేసి ఎన్నాళ్లో అయింది.